తువ్వాలు వేసిన కుర్చీ

సర్వజన ప్రకృతి చికిత్సాలయంలో ఒళ్లు తుడుచుకోవడం మీద నిషేధం వచ్చిన పూట విశ్వపతి గారు తొట్టి స్నానంలో ఉన్నారు. అంచేత ఆ సంగతి ఆయనకు కొంచెం ఆలస్యంగా తెలిసింది. తొట్టిలోంచి లేచి, అలవాటు ప్రకారం గోడకున్న మేకు వైపు చెయ్యి చాపారు. చేతికి మేకు మాత్రమే తగిలింది.

"సింహాచలం! నా తువ్వాలేదోయ్?"

తలుపు అవతల నుంచి అటెండరు సింహాచలం గొంతు వినయంగా వినిపించింది.

"సీలు చేసేశారండి."

"తువ్వాలునా?"

"అన్నిట్నీనండి. నూలువీ, ఆ కొత్తరకం మైక్రోఫైబరువీ కూడానండి. రెండిట్లో ఏది మంచిదో తేలేదాకా ఏదీ వాడకూడదంటండి. డైరెక్టర్ గారి ఆర్డరు."

"నేను తడిగా ఉన్నాను కదయ్యా!"

"ఆయ్. అదీ రాశారండి ఆర్డర్లో. తడిగా ఉన్నోళ్లు డాబా ఎక్కాలంటండి."

విశ్వపతి గారు భౌతికశాస్త్రం లెక్చరరుగా పనిచేసి రిటైరైన మనిషి. మోకాళ్ల నొప్పులకు మూడు వారాల చికిత్స కోసం, కాలువ గట్టున ఉన్న ఈ ప్రభుత్వ సంస్థలో చేరారు. ఆయనకు కోపం తొందరగా రాదు. భార్య పోయిన తర్వాత అది మరీ తగ్గిపోయింది, ఎవరి దగ్గర ప్రదర్శించాలో తెలియక. ఆ రోజు కూడా ఆయన నీళ్లోడుతున్న ఒంటి మీదే పంచె చుట్టుకుని, మెట్లెక్కుతూ, ఎండ ఉంటే బాగుండునని మాత్రం అనుకున్నారు. ఎండ లేదు. శ్రావణ మాసం.

ఈ నిషేధానికి మూలం ఒక సదస్సు. డైరెక్టర్ మృత్యుంజయరావు గారు ఆ మధ్య ఎక్కడో పెద్ద ఊళ్లో జరిగిన ఆరోగ్య సంస్థల ఆధునికీకరణ సదస్సుకు వెళ్లి, ఒక నారింజరంగు మైక్రోఫైబర్ తువ్వాలుతో తిరిగొచ్చారు. మర్నాడు ఉదయం ప్రార్థన అయ్యాక దాన్ని రెండు చేతులా పైకెత్తి చూపించి, ఇది తన బరువుకు ఎన్నో రెట్ల నీరు పీలుస్తుందనీ, చిటికెలో ఆరుతుందనీ, చాకలి రేవుకు నీళ్ల ఖర్చు తగ్గుతుందనీ చెప్పారు. రోజుకు నాలుగు రకాల స్నానాలు చేయించే చోట తువ్వాలు చిన్న విషయం కాదు. కొందరు రోగులు చప్పట్లు కొట్టారు. కొందరు వాడి చూశారు. వాడిన వాళ్లలో సత్యవేణి గారు ఒకరు. ఆవిడకు రెండు రైసు మిల్లులున్నాయి, ఎవరికీ భయపడే అవసరం లేదు.

"ఇదేం గుడ్డండీ బాబూ! అరచేతికి గొంగళిపురుగు పట్టుకున్నట్టు పట్టుకుంటాంది. నా చేతులు పని చేసిన చేతులండి. మెత్తటి చేతులోళ్లకి పనికొస్తుందేమో, డైరెక్టర్ గారికియ్యండి!" అని ఆవిడ భోజనాల హాల్లో అందరికీ వినపడేలా అన్నారు.

దాంతో చికిత్సాలయం రెండు పక్షాలైంది. ఉప్పు లేని చప్పిడి కూరలు తింటూ, చెప్పుకోవడానికి ఒంట్లో నొప్పులు తప్ప వేరే విషయం లేని రోగులకు ఈ తగువు చాలా బలాన్నిచ్చింది. నూలు పక్షం వాళ్లు మైక్రోఫైబర్ పక్షం వాళ్ల పక్కన ఆవిరి స్నానానికి కూర్చోవడం మానేశారు. అప్పుడు మృత్యుంజయరావు గారు, ఎప్పుడూ చేసే పనే చేశారు. నిష్పక్షపాతంగా ఉన్నారు.

"నిర్ణయం శాస్త్రీయంగా జరగాలి. నిర్ణయం వెలువడక మునుపే ఒకానొక తువ్వాలును వినియోగించడమనేది, సదరు తువ్వాలు పట్ల సంస్థ ముందస్తు మొగ్గు కనబరచినట్లు అవుతుంది. కావున ఉభయ తువ్వాళ్లూ స్తంభింపజేయబడినవి" అని ఆయన రాయించారు. రోగులు ఇంటి నుంచి తెచ్చుకున్న తువ్వాళ్లు కూడా అందులోకే వచ్చాయి. లేకపోతే ధనిక రోగులు పొడిగానూ పేద రోగులు తడిగానూ ఉండి సమానత్వం దెబ్బతింటుందని.

విశ్వపతి గారి తువ్వాలు అలా స్టోర్సు గదిలోకి పోయింది.

అది చీరాల నేత. తెలుపూ ఎరుపూ గళ్లు. ఆయన భార్య అలివేలు ఎప్పుడో కొని, రెండు కొసలా వేలాడే దారాలను ఓపిగ్గా ముళ్లు వేసి కుచ్చులు చేసింది. "కొత్త తువ్వాలు నీళ్లని తోసేస్తుంది. ఉతగ్గా ఉతగ్గా మనిషిని గుర్తుపడుతుంది" అనేది. ఆవిడ పోయాక కూడా ఆ తువ్వాలు గుర్తుపడుతూనే ఉంది. వీపు మీద వేసుకోగానే ఒళ్లంతా ఆరిపోతుంది. పొద్దున్నే ఆ ఒక్క నిమిషం, రోజులో తక్కిన భాగాన్ని మోయడానికి ఆయనకు సరిపోయేది.

దానికి ఇంకో ఉద్యోగం కూడా ఉండేది. ఊరు వెళ్లాలంటే బస్సు స్టాండులో ఆగీ ఆగకముందే ఆయన కిటికీలోంచి ఆ తువ్వాలును లోపలికి విసిరేవారు. పొడుగు తువ్వాలు కనుక రెండు సీట్లూ కప్పేది. తువ్వాలు పడ్డ సీటు జోలికి మరొకరు రారు. పోట్లాడుకుంటూ బస్సెక్కే జనం కూడా, దాన్ని చూడగానే పక్కకు తప్పుకుంటారు. భార్యాభర్తలిద్దరూ నింపాదిగా ఎక్కి కూర్చునేవారు. ఇప్పుడు ఒక్కరే అయినా ఆయన తువ్వాలును మడత పెట్టకుండా పొడుగ్గానే విసురుతారు. బస్సు ఊరు దాటేదాకా పక్క సీటు అలాగే ఉంచి, ఆ తర్వాత తువ్వాలు మడిచి, నిలబడ్డవాళ్లలో ఒకరిని పిలిచి కూర్చోబెడతారు.

డాబా మీద ఒక వరసలో పదిహేను మంది మగవాళ్లు చేతులు పైకెత్తి నిలబడి ఉన్నారు. మడమలు ఎత్తి దించుతున్నారు. మృత్యుంజయరావు గారు గొడుగు వేసుకుని వాళ్ల ముందు తిరుగుతున్నారు.

"రండి, విశ్వపతి గారూ! మొదట్లో కొంత అసౌకర్యం అనిపించవచ్చు. ఇది నిజానికి చికిత్సే. దీన్ని సహజ ఆర్ద్రతా విసర్జన అంటున్నాం. పక్షులు తువ్వాలు వాడతాయా?"

"వాడవండి."

"చూశారా!"

"రెక్కలు దులుపుకుంటాయండి."

డైరెక్టరు గారు ఒక్క క్షణం ఆలోచించి, మర్నాటి నుంచి దులుపుకోవడం కూడా చేర్చారు. ఆ తర్వాత ఎప్పుడూ విశ్వపతి గారు పక్షుల విషయంలో నోరు తెరవలేదు.

తూర్పు వైపు తడకలు కట్టి ఆడవాళ్లకు వేరే డాబా ఏర్పాటు చేశారు. అక్కడికి వెళ్లడానికి సత్యవేణి గారు ఒప్పుకోలేదు. తడి జుట్టుతోనే కిందికొచ్చి వరండాలో కూర్చుని, పమిటచెంగుతో తల వత్తుకోబోయారు. స్టోర్సు సూపరింటెండెంటు గంగరాజు గారు పరుగున వచ్చారు.

"అమ్మా, అది నూలు చీరండి. నూలుతో తుడుచుకున్నట్టవుతుందండి."

"అయితే చీర కూడా సీలు చేస్తారేంటయ్యా?"

గంగరాజు గారు ఆ అవకాశాన్ని నిజంగానే ఆలోచించడం ఆయన మొహంలో కనపడింది. సత్యవేణి గారు చెప్పు వెతుక్కోవడం ఆవిడ మొహంలో కనపడింది. ఆయన వెళ్లిపోయారు.

తులనాత్మక తువ్వాళ్ల అధ్యయన సంఘం మొదటి సమావేశం అదే వారం జరిగింది. అధ్యక్షులు మృత్యుంజయరావు గారు, కార్యదర్శి గంగరాజు గారు, రోగుల ప్రతినిధి విశ్వపతి గారు. సైన్సు చదువుకున్న రోగి ఆయనొక్కరే.

బల్ల మీద రెండు పళ్లేల్లో రెండు తువ్వాళ్లు. ఒక దానిలో డైరెక్టరు గారి నారింజరంగుది, నమూనా సంఖ్య ఒకటి. రెండో పళ్లెంలో ఎరుపు గళ్లది, కుచ్చులతో సహా, నమూనా సంఖ్య రెండు. లక్క సీలు వెయ్యడానికి ఒక కుచ్చును దారంతో బిగించి కట్టారు.

విశ్వపతి గారికి గొంతు తడారిపోయింది. ఆ మధ్య కాలంలో ఆయన ఒంట్లో ఏదైనా ఆరడం అదే మొదలు.

"ఇది నాదండి."

"ఇదివరకు. ఇప్పుడిది యావత్తు నూలు జాతికి ప్రాతినిధ్యం వహిస్తోంది" అన్నారు డైరెక్టరు గారు, అభినందనగా.

"స్టోర్సులో నూలువి కట్టలు కట్టలున్నాయిగా?"

"అవి కొత్తవండి మాస్టారూ. గంజి వదల్లేదు, నీళ్లు పోస్తే జారిపోతన్నాయి. నూలు పరువు పోకూడదని బాగా వాడింది ఎంచానండి. మీదంత వాడింది లేదండి" అన్నారు గంగరాజు గారు. మేలు చేసినవాడి చూపు చూశారు.

"పరీక్షలయ్యాక ఇచ్చేస్తారు కదా?"

డైరెక్టరు గారు నిబంధనలు చదివి వినిపించారు. నెగ్గిన తువ్వాలును ప్రామాణిక తువ్వాలుగా ప్రకటించి, రాజధానిలో కేంద్ర కార్యాలయంలో అద్దాల పెట్టెలో శాశ్వతంగా భద్రపరుస్తారు. ఓడిన తువ్వాలును, మరెవరూ పొరపాటున వాడకుండా, సాక్షుల సమక్షంలో దహనం చేస్తారు.

"రెండూ సమానమని తేలితే?"

"మంచి ప్రశ్న. రెండింటినీ సగానికి కత్తిరించి, సగం పై ఆఫీసుకు, సగం ఆడిట్‌కు."

విశ్వపతి గారు ఆ రాత్రి జొన్నరొట్టె ముక్క చేత్తో పట్టుకుని చాలాసేపు తినకుండా కూర్చున్నారు. నూలు నెగ్గితే అలివేలు ముళ్లేసిన కుచ్చులు అద్దాల పెట్టెలోకి పోతాయి. ఓడితే మంటలోకి. మధ్యేమార్గం కత్తెరలోకి. ఇక మిగిలింది ఒకటే దారి. ఏదీ తేలకూడదు.

ఏదీ తేలకుండా చూడడం ఎలాగో కాలేజీ స్టాఫ్ మీటింగుల్లో ఆయన బాగా నేర్చుకున్నారు. గట్టిగా వ్యతిరేకించకూడదు. గౌరవంగా ఒక ప్రశ్న అడగాలి.

రెండో సమావేశంలో, "తడి అంటే ఎంత తడి అండీ? లావుపాటి మనిషి తడీ, బక్కపల్చటి మనిషి తడీ ఒకటవదు కదా" అన్నారు.

డైరెక్టరు గారి కళ్లు మెరిశాయి. వెంటనే ప్రామాణిక వీపు కోసం ఉపసంఘం వేశారు. సిబ్బంది అందరి వీపులూ టేపుతో కొలిచి, సరాసరి కట్టి, ఆ సరాసరికి దగ్గరగా ఉన్న సింహాచలం వీపును సంస్థ వీపుగా నిర్ణయించారు. దానికి ఎండ తగలకూడదు, బరువులు మొయ్యకూడదు, గోకకూడదు. సింహాచలం రెండు రోజులు రాజాలా తిరిగాడు. మూడో రోజు దురద పుట్టింది. గోక్కోవడానికి రాతపూర్వకంగా అనుమతి అడగాలన్నారు. అడిగాడు. ఆ అనుమతి వచ్చేలోగా గోడకు రుద్దుకోవడం గంగరాజు గారి కంట పడింది. వీపు రద్దయింది. మళ్లీ కొలతలు.

మూడో సమావేశంలో, "తుడవడం అంటే అద్దడమా, రుద్దడమా?" అన్నారు విశ్వపతి గారు. దాని మీద రెండు అభిప్రాయాలు వచ్చాయి. నాలుగో సమావేశంలో బోరు నీళ్ల తడి, కాలువ నీళ్ల తడి వేరువేరుగా చూడాలన్నారు. డైరెక్టరు గారు లేచి ఆయన చెయ్యి పట్టుకుని ఊపారు. "మీలాంటి వారు ముందే దొరికి ఉంటే ఈ సంస్థ ఎక్కడ ఉండేదో!" అన్నారు.

ఇలా రోజులు హాయిగా గడిచిపోయేవే. కానీ డాబా మీద తుమ్ములు మొదలయ్యాయి. ముసురు పట్టింది. పైన వాన కురుస్తుంటే రోగులు స్నానాల తడి ఆరబెట్టుకోవడానికి డాబా ఎక్కి, ఎక్కినప్పటి కన్నా ఎక్కువ తడితో దిగుతున్నారు. మోకాళ్ల నొప్పికి వచ్చినవాళ్లు దగ్గుతో ఉన్నారు. దగ్గుకు వచ్చినవాళ్లు మాట్లాడడం లేదు.

సత్యవేణి గారు ఉన్ని దుప్పటి కప్పుకుని విశ్వపతి గారి గది ముందు అరుగు మీద కూర్చున్నారు. ముక్కు ఎర్రగా కందిపోయి ఉంది.

"మాస్టారూ, ఓ మాట అడుగుతాను, నిజం చెప్పండి. ఈ మీటింగుల్లో అడ్డదిడ్డం ప్రశ్నలేసేది మీరేనంట కదా?"

ఆయన తల వంచుకుని, తువ్వాలు సంగతీ అలివేలు సంగతీ చెప్పారు. బస్సు సంగతి కూడా చెప్పారు. ఆవిడ దుప్పటి దగ్గరికి లాక్కున్నారు. తుమ్మారు.

"మా ఆయన చేతికర్ర నేనూ దాచుకున్నానండి. దాని కోసం ఎవరినైనా కొడతాను కూడా. కానీ మాస్టారూ, మీ తువ్వాలు ఒక్కటి మిగల్డానికి ఇంతమందిమీ తడిసి చావాలంటే, పైనున్న ఆవిడే ఒప్పుకోదండి. ఇంకేదన్నా ఆలోచించండి. చదువుకున్నోరు కదా మీరు!"

ఆ మాట నిజమే. దారాలకు ముళ్లు వేసేటప్పుడు కూడా అలివేలు పక్కింటి పిల్లలకు చలేస్తోందేమోనని లేచి చూసే రకం. ప్రశ్నలు ఆపేస్తే తువ్వాలు పోతుంది. ఆపకపోతే మనుషులు పోయేలా ఉన్నారు. విశ్వపతి గారు ఆలోచిస్తూ ఐదో సమావేశానికి వెళ్లారు. ఆపేద్దామనే వెళ్లారు. అయితే డైరెక్టరు గారు ఎదురుగా వెనక్కి వాలి కూర్చున్న కుర్చీ మీద ఆయన చూపు పడింది. ఆఖరి ప్రశ్న ఒకటి దానంతటదే నోట్లోకి వచ్చింది.

"తమరి కుర్చీ వీపు మీద పరిచింది కూడా తువ్వాలే కదండీ?"

అందరూ ఆ కుర్చీ వైపు తిరిగారు.

అది తెల్లటి టర్కీ తువ్వాలు. ఏ ప్రభుత్వ కార్యాలయంలోనైనా అధికారి కుర్చీని గుమాస్తా కుర్చీ నుంచి విడదీసేది అదే. అచ్చమైన నూలు.

మృత్యుంజయరావు గారిలో ఎన్ని లోపాలున్నా, తాను పెట్టిన నిబంధన తనకు వర్తించదనే రకం మాత్రం కాదు. ఆయన మెల్లగా లేచారు. రెండు చేతులా ఆ తువ్వాలు తీసి మడత పెట్టి, "గంగరాజు గారూ, సీలు వెయ్యండి" అన్నారు. యుద్ధంలో కత్తి అప్పగిస్తున్నవాడి గొంతు అది.

మర్నాడు పొద్దున సింహాచలం టీ పట్టుకుని డైరెక్టరు గదిలోకి వెళ్లి, కుర్చీ వైపు చూసి, తిరిగి వచ్చేశాడు.

"ఏరా, టీ ఇవ్వలేదేం?" అన్నారు గంగరాజు గారు.

"సారు ఇంకా రాలేదండి. ఎవరో ఒకాయన కూర్చున్నారు."

ఆ పూటంతా అదే వరస. బిల్లు కోసం వచ్చిన కూరగాయల కాంట్రాక్టరు గదిలోకి తల పెట్టి, "డైరెక్టర్ గారు ఎప్పుడొస్తారండీ?" అని డైరెక్టరు గారినే అడిగాడు. కొత్తగా చేరడానికి వచ్చిన రోగి తాలూకు బావమరిది తన టోకెను డైరెక్టరు గారి చేతిలో పెట్టి, "కొంచెం తొందరగా పిలవరా అబ్బాయ్" అన్నాడు. మధ్యాహ్నానికి గంగరాజు గారు కూడా సంతకం కాగితాలు బల్ల మీద పెట్టి, "సారు రాగానే చెప్పండి" అని బయటికి నడిచి, గుమ్మం దాటాక నాలిక కరుచుకున్నారు. కానీ వెనక్కి రాలేదు.

తర్వాతి రోజు డైరెక్టరు గారు నమూనా సంఖ్య ఒకటిని సీలు విప్పించి, కుర్చీ మీద వేసుకున్నారు. అధ్యయనంలో భాగంగా. నారింజరంగు మైక్రోఫైబరు ఆ రెక్సిను మీద ఫ్యాను గాలికి మాటిమాటికీ జారి కింద పడింది. ఆయన భోజనానికి వెళ్లి వచ్చేసరికి అదీ లేదు. కిటికీలోంచి చూస్తే, సింహాచలం దాంతో జీపు అద్దాలు తుడుస్తున్నాడు. శ్రద్ధగా, అంచులు కూడా.

"అది నా కుర్చీదిరా!"

"కుర్చీదాండి? జీపుదనుకున్నానండి. ఇలాంటియ్యి జీపులకే ఉంటాయి కదండి. అద్దం మాత్రం ఫస్టుగా వస్తాందండి!"

కడిగి మళ్లీ వేశారు. మళ్లీ జీపు మీద కనపడింది. సింహాచలం తప్పేమీ లేదు. నారింజరంగు గుడ్డ కనపడితే అతని చేయి దానంతటదే జీపు దాకా పోతోంది.

అదే సమయంలో పై ఆఫీసు నుంచి ప్రత్యేక పరిశీలనాధికారి వస్తున్నారని కబురొచ్చింది. తువ్వాలు లేని కుర్చీలో పరిశీలనాధికారిని ఎదుర్కోవడమంటే, చొక్కా లేకుండా ఎదుర్కోవడమే. తెల్ల టర్కీ తువ్వాలు తానే సీలు వేయించారు, తానే విప్పిస్తే స్వార్థం అవుతుంది. మిగిలింది ఒక్కటే. అధ్యయనం కోసమని ఒక దాన్ని ఇదివరకే విప్పారు కనుక, సమన్యాయం కోసం రెండో దాన్నీ విప్పాలి. మృత్యుంజయరావు గారు తేలిక పడ్డ మనసుతో, "నమూనా సంఖ్య రెండును క్షేత్రస్థాయిలో పరిశీలించవలసియున్నది" అని రాయించారు.

పరిశీలనాధికారి సాంబశివుడు గారు వచ్చిన రోజు అధ్యయన సంఘం సభ్యుడిగా విశ్వపతి గారిని కూడా గదిలోకి పిలిచారు. లోపల అడుగు పెట్టి ఆయన ఆగిపోయారు. ఎర్ర గళ్ల తువ్వాలు డైరెక్టరు కుర్చీ మీద నిండుగా పరుచుకుని ఉంది. అలివేలు కుచ్చులు గాలికి ఊగుతున్నాయి. ఒక కుచ్చుకు ఇంకా లక్క అంటుకునే ఉంది. పైభాగాన నూనె తల ఆనిన మరక.

సాంబశివుడు గారు లావుపాటి మనిషి. అటెండరుగా మొదలై పరీక్షలు రాసుకుంటూ పైకొచ్చిన మనిషి. సర్వీసంతా ఎర్రబస్సుల్లో తిరిగిన వాడినని ఆయన గొప్పగా చెప్పుకునేవారు. పెద్ద అధికారి వస్తే చిన్న అధికారి లేచి తన కుర్చీ ఇవ్వడం ఆచారం. డైరెక్టరు గారు లేచి, పక్కకు జరిగి, నడుం వంచి చెయ్యి చూపించారు.

"దయచేయండి సార్."

సాంబశివుడు గారు రెండడుగులు వేసి, కుర్చీని చూసి, ఆగిపోయారు.

"ఎవరో తువ్వాలు వేసుకున్నారుగా?"

"పరవాలేదు సార్, కూర్చోండి."

"పరవాలేదంటారేంటయ్యా? వేసుకున్నాయన వస్తే? మీదా?"

మృత్యుంజయరావు గారు నోరు తెరిచారు. తనదని చెబితే సీలు వేసిన నమూనాను సొంతం చేసుకున్నట్టు. నిబంధనలకు విరుద్ధం.

"అది... నమూనా సంఖ్య రెండు సార్."

"నంబరు అడగలేదయ్యా. మనిషిని అడిగాను. తువ్వాలు ఎవరిది?"

డైరెక్టరు గారు గంగరాజు గారి కేసి చూశారు.

"నాదండి" అన్నారు విశ్వపతి గారు.

సాంబశివుడు గారు ఆయన్ని పైనుంచి కిందికి చూశారు. తడి పంచె, వంగిన మోకాళ్లు.

"మరి మీరు నిలబడ్డారేంటండీ! పెద్దవారు, మోకాళ్ల నొప్పుల్లా ఉన్నాయి. రండి, మీ సీట్లో కూర్చోండి."

"సార్, ఆయన రోగి..." అన్నారు డైరెక్టరు గారు.

"రోగి అయితే మాత్రం? తువ్వాలు వేసుకున్న మనిషిని నిలబెట్టి ఆ సీట్లో కూర్చునే బుద్ధి నాకింకా పుట్టలేదు. ఏ బస్సులోనూ చెయ్యలేదు, ఆఫీసులో చేస్తానా? కూర్చోండి మాస్టారూ, మొహమాటపడకండి."

ఆ మాట ఆ గదిలో అందరికీ న్యాయంగానే తోచింది. అందరూ బస్సులెక్కిన వాళ్లే. విశ్వపతి గారు వెళ్లి కూర్చున్నారు. మెడ వెనక మెత్తగా, తెలిసిన స్పర్శ. ఆయన కళ్లు మూసుకున్నారు.

తర్వాత జరిగినదానికి గంగరాజు గారిని తప్పుపట్టలేం. ఎన్నో ఏళ్లుగా ఆ కుర్చీలో ఎవరుంటే వాళ్ల ముందు, తువ్వాలు చూసి, కాగితాలు పెట్టడం ఆయనకు అలవాటు. చేతులు వాటంతటవే కదిలాయి. ఆ రోజు కాగితాలు తెచ్చి విశ్వపతి గారి ముందు పరిచి, కలం మూత తీసి అందించారు.

"సార్, సంతకం."

విశ్వపతి గారు కలం కేసి చూశారు. గుమ్మం బయట సత్యవేణి గారి తుమ్ము వినపడింది. ఆయన ఒక తెల్ల కాగితం తీసుకుని, కాలేజీ రోజుల గుండ్రటి అక్షరాలతో రాశారు. "ఎవరి తువ్వాలు వారికి వెంటనే ఇవ్వవలెను. అందరూ ఒళ్లు తుడుచుకొనవచ్చును." కింద సంతకం చేశారు. గంగరాజు గారు స్టాంపు కొట్టారు. తువ్వాలు వేసిన కుర్చీలోంచి వచ్చిన ఆర్డరు కనుక, ఎవరికీ దాని మీద సందేహం రాలేదు. మృత్యుంజయరావు గారు కూడా అప్రయత్నంగా, "ఎస్సార్" అన్నారు.

విశ్వపతి గారు లేచి, కుర్చీ మీంచి తువ్వాలు తీసి దులిపి భుజాన వేసుకున్నారు.

"అదేంటండీ, వెళ్లిపోతున్నారా? సీటు?" అన్నారు సాంబశివుడు గారు.

"నాకు తువ్వాలు చాలండి" అని ఆయన నమస్కారం చేసి బయటికి నడిచారు.

ఆయన గుమ్మం దాటేలోపే గంగరాజు గారు జేబురుమాలు తీసి కుర్చీలో వేసేశారు. అదీ అలవాటు ప్రకారమే.

స్టోర్సు తలుపులు తెరుచుకున్నాయి. సత్యవేణి గారు తన పచ్చ తువ్వాలును తలకు చుట్టుకుని, గోపురంలా నిలబెట్టుకుని, వరండాలో కనపడ్డ ప్రతి ఒక్కరి తలా తడిమి చూశారు, ఆరిందా లేదా అని. విశ్వపతి గారి తల కూడా తడిమారు.

"ఇప్పుడు బాగుందండి మాస్టారూ. ఆ లక్క గోటితో గీకెయ్యకండేం, కుచ్చు తెగుద్ది. కాస్త కొబ్బరినూనె రాయండి."

చికిత్స గడువు అయిపోయిన రోజున విశ్వపతి గారు బస్సు స్టాండుకు వచ్చారు. మోకాళ్ల నొప్పులు వచ్చినప్పటిలాగే ఉన్నాయి. బస్సు ఇంకా ఆగకముందే ఆయన కిటికీలోంచి తువ్వాలు విసిరారు. పొడుగ్గా, రెండు సీట్ల నిండా. మెల్లగా ఎక్కి కూర్చున్నారు.

బస్సు కిక్కిరిసిపోయింది. మూడు వరసల ముందు ఏదో రభస జరుగుతోంది.

"నేను వేశానయ్యా! కిటికీలోంచి వేశాను!"

"ఏం వేశారు సార్? ఇక్కడేమీ లేదుగా. మేం వచ్చేసరికి సీటు ఖాళీ."

"నారింజరంగుది! జారి పడి ఉంటుంది, చూడండి!"

జారి పడ్డది దొరికింది. డ్రైవరు దాంతో ముందు అద్దం తుడుస్తున్నాడు.

పైకడ్డీ పట్టుకుని, చేతిలో సంచితో, మృత్యుంజయరావు గారు. తువ్వాళ్ల నిషేధానికి సంజాయిషీ చెప్పుకోవడానికి రాజధానికి పిలిపించారట. జీపేమో, ఇప్పుడు ఇన్‌చార్జి డైరెక్టరైన గంగరాజు గారి పని మీద వెళ్లిందట. ఆయన మొహం మీద చెమట కారిపోతోంది. చుట్టూ ఉన్న వాళ్లలో ఎవరికీ ఆయన డైరెక్టరని తెలియదు. ఒకాయన కాలు తొక్కాడు కూడా.

బస్సు ఊరు దాటింది. కాలువ వంతెన వచ్చింది. విశ్వపతి గారు పక్క సీటు మీది తువ్వాలును మడిచారు.

"డైరెక్టర్ గారూ! ఇలా రండి."

ఆయన జనాన్ని తోసుకుంటూ వచ్చి, సీటునూ తువ్వాలునూ మార్చి మార్చి చూశారు.

"ఇది ఎవరికోసమో పెట్టినట్టున్నారు..."

"మా ఆవిడదండి. పరవాలేదు, కూర్చోండి."

మృత్యుంజయరావు గారు జాగ్రత్తగా, సీటు అంచున కూర్చున్నారు. చెమట కంట్లోకి దిగింది. విశ్వపతి గారు తువ్వాలు కొస, లక్క మరక లేని వైపు, ఆయన చేతికిచ్చారు.

"తుడుచుకోండి."

"కానీ సంఘం నివేదిక ఇంకా..." అని మొదలుపెట్టి, ఆయన ఆగిపోయారు. మొహం తుడుచుకున్నారు. మెడ తుడుచుకున్నారు. కాసేపు ఆ గళ్ల గుడ్డలోనే మొహం ఉంచేశారు.

"ఎలా ఉందండీ?" అన్నారు విశ్వపతి గారు.

డైరెక్టరు గారు తల ఎత్తారు. ఒక చెంప మీద కుచ్చు ముడి అచ్చు పడి ఉంది.

"ఇంకా పరిశీలించవలసి ఉంది" అన్నారు గంభీరంగా. రెండో చెంప కూడా తుడుచుకున్నారు.